తొంభై రోజుల మెంతులు

రోజు 1

విత్తనశాలలో వేడి నాలుగు డిగ్రీలు, తేమ ఏడు శాతం. రోజూ ఈ పుస్తకంలో నేను రాయాల్సింది ఈ రెండు అంకెలే. పదకొండేళ్లుగా రాస్తున్నాను. ఇన్నేళ్లలో దీన్ని ఒక్కరూ తెరిచి చూసిన పాపాన పోలేదు. అంచేత ఇవాళ్టి నుంచి నాకు తోచింది రాస్తాను. అభ్యంతరం ఉన్నవాళ్లు ముందు చదివి, తర్వాత వచ్చి అడగొచ్చు.

నా పేరు నూకరత్నం. కొత్తపేటలో విత్తనాలకు కాపలా నేను. చంద్రుడి దాకా వచ్చి, కొండ తొలిచి, గాలి నింపి, నూట ఇరవై మందిని కాపురం పెట్టించిన మహానుభావులు ఊరికి పేరు పెట్టే వేళకు అలిసిపోయినట్టున్నారు. కొత్తపేట అన్నారు. దీనికి ముందు పాతపేట అంటూ ఏదీ లేదు.

పొద్దున డాక్టర్ ఇందీవర షుగర్ ఉన్న నలభై మందినీ భోజనశాలలో కూర్చోబెట్టింది. ఆ పిల్ల భూమి చుట్టూ తిరిగే కేంద్రంలో పుట్టి, గొట్టాల్లోంచి పిండుకునే తిండి తిని డాక్టరైంది. మంచిది, తెలివైనది. పొయ్యి మొహం మాత్రం ఎరగదు.

ఇక నుంచి మూడు నెలల సగటు చూస్తానంది. రక్తంలో ఎర్రకణాలకు చక్కెర అంటుకుంటుందట. ఆ కణాలు నాలుగు నెలల దాకా బతుకుతాయట. వాటిని చూస్తే ఈ రెండు మూడు నెలల్లో మనిషి ఏం వెలగబెట్టాడో తెలిసిపోతుందట. పరీక్షకు ముందురోజు ఉపవాసం చేసి డాక్టర్‌కి టోపీ పెట్టే మన పాత విద్య దీని దగ్గర చెల్లదు. ఆ ముక్క వినగానే నలభై మొహాలూ ఒక్కసారి వాడిపోయాయి.

అసలు సంగతి తర్వాత చెప్పింది. సగటు ఎనిమిది దాటినవాళ్లను ఇక్కడ ఉంచకూడదని కింది ఆఫీసు కొత్త రూలు పంపింది. కింద అంటే భూమి. ఇక్కడి దుమ్ములో పుండు పడితే మానదు, మందులేమో మూడు నెలలకోసారి ఓడలో రావాలి. తొంభై రోజుల తర్వాత వచ్చే ఓడ ఎనిమిది దాటినవాళ్లను ఎక్కించుకుని పోతుంది. పదకొండేళ్లు ఇక్కడ ఆరో వంతు బరువుతో తిరిగిన ఒళ్లు. దాన్ని అక్కడ మోయాలంటే చక్రాల కుర్చీయే గతి.

"ఈలోగా మెంతులు ఏమైనా సాయం చేస్తాయేమో చూద్దాం," అంది డాక్టర్. "చేయొచ్చు, చేయకపోవచ్చు. ఇప్పటిదాకా జరిగిన పరీక్షలు చిన్నవి. అందుకే ఇరవై మందికి రోజూ పది గ్రాములు నానబెట్టి ఇస్తాను, ఇరవై మందికి ఇవ్వను. ఇవ్వనివాళ్లు మెంతుల జోలికే పోకూడదు. తిన్నదంతా ట్యాబ్ పలకలో రాయాలి. మాత్రలు మాత్రం ఎవరూ మానకూడదు."

చీటీలు తీశారు. మా ఆయన పేర్రాజు ఊరంతటికీ వంటవాడు, సగటు ఎనిమిది పాయింట్ మూడు. ఆయన మెంతులు లేని జట్టులో పడ్డాడు. మెంతుల డబ్బాలన్నీ నా చేతి కింద. మొగుడేమో గింజ ముట్టకూడదు. పెట్టిపుట్టాలి.

అంగీలు కుట్టే సర్వలక్ష్మి కూడా ఆ జట్టే, ఎనిమిది పాయింట్ నాలుగు. బయట తిరిగేవాళ్ల ప్రాణాలన్నీ ఆమె కుట్టు మీదే ఉంటాయి. ఆమెకు తొమ్మిదేళ్ల కూతురు, అవని. ఇక్కడే పుట్టింది. ఇక్కడ పుట్టిన ఎముకలు భూమి బరువుకు విరుగుతాయి కాబట్టి ఆ పిల్లను కిందికి పంపరు. అంటే తల్లి ఓడెక్కితే పిల్ల ఇక్కడే ఉండిపోతుంది. మొగుడు పోయి ఆరేళ్లయింది. ఇదంతా ఆలోచిస్తూ కాబోలు, సర్వలక్ష్మి చీటీని నాలుగు మడతలు పెట్టి, విప్పి, మళ్లీ మడతపెట్టింది.

రోజు 4

వేడి నాలుగు, తేమ ఏడు.

మెంతులు తినడం అంటే అదేదో శిక్షలా ఉంది జనానికి. ఇరవై మంది వరసగా నిలబడి, చెంచాడు నోట్లో వేసుకుని, మొహాలు ముడుచుకుని, నన్ను చూసి పళ్లు నూరుతున్నారు. నేనేదో చేదు కనిపెట్టినట్టు. ఆ చేదు గింజలోది, నాది కాదు.

మా కమాండర్ వెంకటశివుడు గారు కూడా మెంతుల జట్టే. సీమ మనిషి, మాట కరుకు. "ఏం రత్నమ్మా, నీ గింజలు బో చేదు," అన్నాడు. "నా గింజలు కావండీ, ప్రభుత్వం గింజలు," అన్నాను. ఆయన మింగకుండా బుగ్గన పెట్టుకుని హుందాగా తన గదికి నడిచాడు.

రోజు 19

కమాండర్ గదిలో పూలకుండీ ఉంది. అందులో గులాబీ మొక్క. ఇవాళ నీళ్ల కొలత తీయడానికి వెళ్తే గులాబీ కింద దట్టంగా మెంతికూర మొలిచి ఉంది. రెండు పూటల పప్పుకు సరిపోతుంది.

ఆయన నా వైపు చూశాడు. నేను కుండీ వైపు చూశాను. "నేల మంచిదండీ," అన్నాను. ఇంకేమంటాను? నానబెట్టిన గింజ మట్టిలో ఉమ్మితే మొలుస్తుందని కొండ తొలిచి ఊరు కట్టినాయనకు నేను చెప్పాలా.

డాక్టర్‌కి చెప్పాను. రేపటి నుంచి అందరూ ఆమె ఎదుటే నమిలి, నోరు తెరిచి చూపించాలట. మెంతికూర మాత్రం పేర్రాజు కోసుకుపోయాడు, మెంతులు తినని ఇరవై మందికి కాకుండా తినే జట్టుకే పప్పులో వేశాడు. రూలంటే మా ఆయనకు ప్రాణం.

రోజు 37

పలకలు సరిచూసే పని కూడా డాక్టర్ నా నెత్తినే వేసింది. విత్తనాల దగ్గర కూర్చునేవాళ్లకు పనేముంటుందని లోకం అభిప్రాయం.

నలభై పలకలూ ఒకే పాట. అన్నం, పప్పు, కూర, మజ్జిగ. అన్నం, పులుసు, మజ్జిగ. ఒకాయన మధ్యాహ్నం "ఏమీ తినలేదు" అని రాశాడు, ఆయన రెండో మారు అన్నం పెట్టించుకోవడం నా కళ్లారా చూశాను. సర్వలక్ష్మి పలక ఒక్కటే వేరు. "ఇడ్లీలు రెండు, సగం యాలక్కాయ, అవని కంచంలో మిగిలిన పెరుగన్నం మూడు ముద్దలు." సగం యాలక్కాయ రాసే మనిషిని నేను ఇంతవరకు చూడలేదు. చూసి నవ్వుకున్నాను కూడా.

పేర్రాజు ఊరగాయ జాడీ ఈ వారంలో ఐదోసారి ఖాళీ అయింది. కూరల్లో నూనె తగ్గించారు, అన్నం తగ్గించారు, ఇక జనానికి మిగిలిన సుఖం ఊరగాయ ఒక్కటే. ముద్దముద్దకూ నంజుకోవడమే. ఇక్కడ మామిడి లేదు, దోసకాయతో పెడతాడు. ఆవాలు కూడా నాలుగేళ్ల కింద ఆపేశారు. ఈ బరువులో పోపు వేస్తే ఆవాలు కప్పు దాకా ఎగిరి, తీరిగ్గా ఊరంతా చూసుకుని, గాలి జల్లెడలో దూరేవి. ఒకసారి సగం ఊరికి ఊపిరాడక చచ్చే పనైంది. అప్పటి నుంచి ఆవగింజకు ప్రవేశం లేదు. ఆ లోటు మా ఆయన ఎలా పూడుస్తున్నాడో నేను అడగను. వంటింటికి నెలకోసారి బస్తాలు పంపిస్తాను, ఏది దేన్లో పడుతుందో ఆయన ఇష్టం. ఆయన కూడా నన్ను విత్తనాల గురించి అడగడు. మా కాపురం ఇన్నాళ్లు నిలిచింది అందుకే.

రోజు 61

వేడి నాలుగు. తేమ ఎనిమిది, ఎందుకో.

పేర్రాజు భయపడుతున్నాడు. పైకి చెప్పడు. భోజనాలయ్యాక సొరంగం చుట్టూ ఆరు చుట్లు నడుస్తున్నాడు, ఇరవయ్యేళ్లలో నీళ్ల బిందె దాకా నడవని మనిషి. ఇవాళ నడుస్తూ, "నన్ను పంపేస్తే నువ్వొస్తావేంటే?" అన్నాడు.

"నేనెందుకొస్తాను? ఇక్కడ నాకు ఉద్యోగం ఉంది," అన్నాను.

"నిజంగానా?"

"నీ కుర్చీ తోసే ఓపిక నాకెక్కడిది? నాకూ ఒక కుర్చీ కావాలి కదా."

నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. పక్కన నా చేతికందే ఎత్తులో డబ్బాల నిండా మెంతులు. ఒక గుప్పెడు ఇడ్లీ పిండిలో కలిపితే ఎవడికి తెలుస్తుంది? ఆ ఆలోచన వచ్చింది, రాలేదని రాయను. ఆ డాక్టర్ పిల్ల మొహం గుర్తొచ్చి ఆగిపోయాను. పాపం, పలకలన్నీ నిజమేననుకుంటుంది.

రోజు 90

ఫలితాలు చెప్పారు. ఊరంతా వచ్చింది, షుగర్ లేనివాళ్లు కూడా. పరాయివాడి రక్తంలో ఏముందో తెలుసుకోవడం అంత సరదా ఇంకెక్కడుంది.

మెంతుల జట్టు సగటున అర పాయింటు దిగింది. మెంతులు లేని జట్టూ ఇంచుమించు అంతే దిగింది. పేర్రాజు ఏడు పాయింట్ తొమ్మిది. ఆయన భోజనశాలలోనే కూర్చుని కండువాతో మొహం కప్పుకున్నాడు.

"రెండు జట్ల మధ్య తేడా కనిపించలేదు," అంది డాక్టర్. "కాబట్టి మెంతుల వల్ల లాభం ఉందని నేను చెప్పలేను."

నలభై మందిలో ముప్పై తొమ్మిది మంది ఎనిమిదికి లోపే. ఒక్కరు మాత్రం ఎనిమిది పాయింట్ ఐదు. సర్వలక్ష్మి.

కమాండర్ లేచాడు. ఇరవై రోజులు గింజలు కుండీలో ఉమ్మిన నోటితో క్రమశిక్షణ గురించి అరగంట మాట్లాడాడు. "గింజల్లో ఏం లేదు. మనిషిలో ఉండాల. ముప్పై తొమ్మిది మంది దిగినారు. ఒక్కరు మాత్రం పైకి పోయినారంటే ఏమనుకోవాల? ఏం తింటాండారో వాళ్లకే తెలియాల." మెంతి మళ్లు పీకేసి అక్కడ కూడా దోసకాయలు వేయమన్నాడు. ఓడ తొంభై ఐదో రోజున బయల్దేరుతుంది.

జనం సర్వలక్ష్మి వైపు చూసిన చూపు నాకు నచ్చలేదు. ఒకావిడ అనేసింది, అవని పుట్టినరోజుకు బెల్లం తీసుకుంది కదా అని. సర్వలక్ష్మి అవని చేయి పట్టుకుని బయటికి నడిచింది. నేను ఆవిడ నోరు మూయించలేదు. ఎందుకంటే నేను కూడా అదే అనుకున్నాను.

రోజు 91

కమాండర్ పిలిచి, అవనిని మా ఇంట్లో ఉంచుకోమన్నాడు. మాకు పిల్లలు లేరు, గది ఉంది, వంటింటికి దగ్గర.

సరే అన్నాను. ఇంటికొచ్చి ఆ పిల్ల మంచం ఎక్కడ వేయాలో కొలుచుకున్నాను. కొలుస్తుంటే సంతోషం వేసింది. ఒక్క క్షణమే, కానీ వేసింది. ఒక తల్లి కడుపుకోత మీద నాకు సంతోషం. ఛీ అనిపించింది. ఈ పుస్తకం ఎవరూ చదవరు కాబట్టి రాస్తున్నాను.

రోజు 92

సర్వలక్ష్మికి వీడ్కోలు భోజనం పెట్టాడు పేర్రాజు. ముద్దపప్పు, దోసకాయ కూర, ఎప్పటి కోసమో దాచిన నెయ్యి. తనే స్వయంగా వడ్డించాడు. ఊరగాయ గరిట పట్టుకొస్తే ఆమె కంచానికి చేయి అడ్డం పెట్టింది.

"వద్దన్నయ్యా. ఉప్పు. బీపీ కదా."

"ఈ ఒక్కపూటకీ తినమ్మా, ఏం కాదు."

"డాక్టరమ్మ వద్దంది. రెండేళ్ల నుంచి తినటం లేదు కదా, ఇప్పుడెందుకు."

వంటింట్లోకి వస్తూ పేర్రాజు చిన్నబుచ్చుకున్నాడు. "డాక్టరమ్మను పక్కనపెడితే మొత్తం ఊళ్లో నా ఊరగాయ ముట్టని మనిషి ఈవిడొక్కత్తేనే. షుగరున్న మిగతా ముప్పై తొమ్మిది మందీ జాడీ నాకేస్తారు."

ముప్పై తొమ్మిది. ఆ అంకె రెండు రోజుల కింద ఇంకో నోట విన్నాను. నా బుర్రలో పుల్ల విరిగినట్టైంది. పొయ్యి మీద మూకుడులో ఏవో వేగుతున్నాయి, ఆ కమ్మటి చేదు వాసన ఇల్లంతా పరుచుకుంది. ఆ వాసనలోనే నాలుగేళ్లుగా బతుకుతున్నాను నేను. రోజూ ఉండే వాసన కాబట్టి ముక్కు పట్టించుకోవడం మానేసింది.

"అవేంటి?" అన్నాను.

"కనపట్టం లేదేంటి? మెంతులు."

"ఎందుకు?"

"ఊరగాయలోకే. ఆవపిండి లేదు కదా. మెంతిపిండి దట్టించకపోతే అది ఊరగాయవుద్దా, ఎరువవుద్దా?"

పీట మీద కూలబడ్డాను. మెంతులు ముట్టని జట్టులో ముట్టనిది ఒక్క సర్వలక్ష్మే. మిగతా పంతొమ్మిది మందీ పూటపూటా తిన్నారు. పలకలో ఒక్కడూ రాయలేదు. అబద్ధం కాదు. మనవాళ్లలో ఊరగాయను తిన్నాననే మాట ఎవరంటారు? అన్నం తింటాం, ఊరగాయ నంజుకుంటాం. అది లెక్కలోది కాదు. బస్తాలకు బస్తాల మెంతులు వంటింటికి పంపిన నాకు తట్టలేదు, వేయించిన ఆయనకూ తట్టలేదు, ఇంకెవరికి తడుతుంది?

పేర్రాజుకు చెప్పాను. మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక మూకుడు దించేశాడు.

"నోరు మూసుకో," అన్నాడు. ఇరవయ్యేళ్లలో నన్ను ఆ మాట అనలేదు. "నాకు ఏడు పాయింట్ తొమ్మిది వచ్చింది. దేవుడిచ్చాడు."

"దేవుడిచ్చాడో మెంతులిచ్చాయో ఎవరికి తెలుసు? ఆమెను దొంగని చేసి పంపుతున్నారయ్యా."

"చెప్తే నా అంకె కొట్టేస్తారు. మళ్లీ మొదలెడతారు. మళ్లీ ఎనిమిది దాటితే? నన్ను నువ్వే ఓడెక్కిస్తావా?"

మూకుడులో మెంతులు మాడకుండా పళ్లెంలోకి ఒంపాను.

రోజు 93

ఊరగాయ జాడీ చంకలో పెట్టుకుని డాక్టర్ గదికి వెళ్లాను. కిందైతే ఇద్దరు మోయాలి, ఇక్కడ చంటిపిల్లంత బరువు. మూత తీసి బల్ల మీద పెట్టాను.

"ఇదేమిటి?" అంది డాక్టర్ ఇందీవర.

"మీ పరీక్ష అమ్మా. ఇందులో పడిపోయింది."

చెప్పాను. ఆమె పలకలన్నీ తిప్పింది. తొంభై రోజులు, నలభై మంది. ఊరగాయ అన్న మాట ఒక్కచోట లేదు. "ఎందుకు రాయలేదు? ఊరగాయ తిండి కాదా?"

"కాదమ్మా. తోడు."

ఆమె వేలి కొసతో కొంచెం తీసుకుని నాలుక మీద పెట్టుకుంది. కళ్లలో నీళ్లు తిరిగాయి. రెండు గ్లాసుల నీళ్లు తాగింది. ఆ పిల్ల ఇక్కడికొచ్చి రెండేళ్లైంది, ఇన్నాళ్లు తన గదిలో గొట్టాలు పిండుకుని తింటూ మా కంచాల మీద పరీక్షలు చేసింది. తర్వాత అసలు ప్రశ్న వేసింది.

"ఇందులో మెంతులు ఎంత? చిటికెడు అయితే పరవాలేదు, పరీక్ష నిలుస్తుంది. ఎక్కువైతే నిలవదు."

నాకు తెలీదు. పేర్రాజును పిలిపించింది.

ఆయన చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. జాడీని చూశాడు, నన్ను చూశాడు. డాక్టర్ అదే ప్రశ్న అడిగింది. చిటికెడు అన్నాడంటే అంతా సర్దుకుంటుంది. ఆయన ఇక్కడే ఉంటాడు, సర్వలక్ష్మి వెళ్తుంది, నా మాటను ఎవరూ నమ్మరు. నిజం రాయాలంటే, చిటికెడు అనాలనే నేను లోపల కోరుకున్నాను. చెప్పడానికి వచ్చిందీ నేనే, అబద్ధం కావాలని మొక్కుకుందీ నేనే.

"చిటికెడా?" అన్నాడు పేర్రాజు. ఆయన మొహం ఎర్రబడింది. "చిటికెడు మెంతులేసి ఊరగాయ పెట్టేవాడు వంటోడేంటమ్మా? ఇలాంటి జాడీకి నాలుగు దోసిళ్ల పిండి వేస్తాను. నిండు దోసిళ్లు."

ఆమె తూకం తెచ్చింది. ఆయన వంటింట్లోంచి మెంతిపిండి డబ్బా తెచ్చి, దోసిలి పట్టి నాలుగుసార్లు పోశాడు. కొలత తగ్గించలేదు. ఎన్ని జాడీలు, ఎంతమంది, ఎన్ని రోజులు అని ఆమె లెక్కగట్టింది. మనిషికి రోజుకు ఆరు గ్రాముల పైనే.

"అంటే ఒక జట్టుకు నేను పెట్టాను, రెండో జట్టుకు మీరు పెట్టారు," అంది.

"మరి మెంతుల వల్లే తగ్గినట్టా?" అన్నాను.

"అలా చెప్పలేను. అందరూ నడిచారు, అన్నం తగ్గించారు. మెంతుల పాలు ఎంతో తేలాలంటే మళ్లీ చేయాలి. సర్వలక్ష్మిగారిది ఒక్కరి అంకె, ఒక్కరితో ఏదీ రుజువు కాదు." పలకలన్నీ దొంతరగా పేర్చి అంది, "కానీ ఒకటి చెప్పగలను. నలభై మందిలో నేను చెప్పింది చెప్పినట్టు చేసింది ఆమె ఒక్కరే."

పేర్రాజు తూకం మీద పిండిని చిన్న చీపురుతో ఊడ్చి తిరిగి డబ్బాలో పోసుకున్నాడు. తిరిగొచ్చేటప్పుడు నా చేతిలోంచి జాడీ తను తీసుకున్నాడు.

రోజు 94

కమాండర్ ముందు ఒప్పుకోలేదు. రూలు రూలే అన్నాడు. అంకె వచ్చింది, ఓడ వచ్చింది, ఎక్కాల్సిందే.

డాక్టర్ గొంతు పెంచలేదు. "సరేనండీ. పరీక్ష చెల్లకపోతే నలభై అంకెలూ చెల్లవు. అప్పుడు మొదటి రోజు అంకెలే మిగులుతాయి. వాటి ప్రకారం ఎనిమిది దాటినవాళ్లు పద్నాలుగు మంది. మీది ఎనిమిది పాయింట్ రెండు. మీ సామాను సర్దుకోమని చెప్పనా?"

కమాండర్ గారికి న్యాయం వెంటనే కనిపించింది. మళ్లీ తొంభై రోజులు, అంతదాకా ఎవరూ కదలనక్కరలేదని కింది ఆఫీసుకు ఆయనే స్వయంగా రాశాడు. మెంతి మళ్లు పీకొద్దని కూడా చెప్పాడు. క్రమశిక్షణ గురించి ఈసారి ఏమీ చెప్పలేదు.

రోజు 95

ఓడ రాళ్ల బస్తాలు ఎక్కించుకుని వెళ్లిపోయింది.

సర్వలక్ష్మి దగ్గరికి వెళ్లాను. సర్దిన పెట్టె విప్పుతోంది. అవని ఒక్కో చీర తీసి పాత చోటే పెడుతోంది, మొహం వెలిగిపోతోంది.

"వదినా, ఒకటడగనా?" అంది సర్వలక్ష్మి. "నేను దొంగచాటుగా తిన్నాననే నువ్వు కూడా అనుకున్నావా?"

"అనుకున్నాను," అన్నాను.

ఆమె చీర మడత సరిచేసింది. "సగం యాలక్కాయ కూడా రాశాను కదే," అంది. కళ్లు తుడుచుకుంది. నేను కూర్చుని మిగతా బట్టలు విప్పాను. క్షమించానని ఆమె అనలేదు, నేనూ అడగలేదు.

రోజు 97

మళ్లీ చీటీలు. ఈసారి మెంతులు లేని జట్టుకు ఊరగాయ లేదు, మెంతిపిండి పడిన పులుసు లేదు, ఏదీ లేదు. వాళ్లకు వేరే పొయ్యి, వేరే గరిట. ఊళ్లో ఏడుపులు మొదలయ్యాయి. ఊరగాయ లేకుండా తొంభై రోజులా, ఇంతకంటే ఆ ఓడే నయం అన్నారు కొందరు.

సర్వలక్ష్మికి మెంతులు వచ్చాయి. పేర్రాజు చీటీ తీశాడు. మళ్లీ లేని జట్టే.

సర్వలక్ష్మి లేచి నిలబడింది. "అన్నయ్యా, నాది నువ్వు తీసుకో. నాది తీసుకో అన్నయ్యా."

"మళ్లీ చెడగొడతావేంటమ్మా?" అన్నాడు పేర్రాజు. "కూర్చో. నీకొచ్చింది నువ్వు తిను." గొంతు మామూలుగానే ఉంది. చీటీని మాత్రం జేబులో పెట్టుకోవడం చేతకాలేదు, రెండుసార్లు కింద పడింది.

నేను డాక్టర్ గదికి వెళ్లాను. విత్తనశాల నుంచి నన్ను తీసేయమన్నాను. ఈ తొంభై రోజులూ ఇంకెవరినైనా పెట్టండి, నేను సర్వలక్ష్మి దగ్గర అంగీలకు దారాలు ఎక్కిస్తాను అన్నాను. పదకొండేళ్లలో ఒక్కరోజు సెలవు అడగని మనిషిని. ఆమె కారణం అడగలేదు, సంతకం పెట్టించుకుంది. కాబట్టి ఈ పుస్తకంలో ఇదే నా ఆఖరి రాత. వేడి నాలుగు, తేమ ఏడు.

మధ్యాహ్నం పేర్రాజు తన జట్టు తప్ప ఊరందరికీ కొత్త జాడీ ఊరగాయ వడ్డించి, రుచి కూడా చూడకుండా, చేతులు కడుక్కుని నా ఎదుట కూర్చున్నాడు. కంచంలో మజ్జిగన్నం, ఇంకేమీ లేదు. నేనూ అదే పెట్టుకున్నాను.

"విత్తనశాల ఎందుకు వదిలేశావే?" అన్నాడు.

"నా దగ్గరుంటే నీకు పెట్టేస్తాను."

అన్నం ఇంకోసారి కలిపాడు.

"ఉప్పు ఇటందుకో," అన్నాడు.